అనాస పండు: పూయించే మందు వేరు, మాగబెట్టే మందు వేరు

ఎండాకాలం వచ్చిందంటే హన్మకొండ చౌరస్తా నుంచి కరీంనగర్ బస్టాండు దాకా తోపుడు బండ్ల మీద పైనాపిల్ ముక్కలు కనబడతాయి. ఉప్పు, కారం చల్లి ఇస్తే నిలబడి తింటాం. అదే రోజుల్లో ఫోన్లలో వీడియోలు తిరుగుతుంటాయి. తోటలో ఒకాయన అనాస మొక్కల నడినెత్తిన ఏదో మందు నీళ్లు పోస్తూ పోతుంటాడు. "పండ్లను మందుతో ఎలా మాగబెడుతున్నారో చూడండి" అని దాని కింద రాసి ఉంటుంది. చూసినవాళ్లకు టెన్షన్, అమ్మేవాళ్లకు నష్టం. ఆ వీడియోను ఆపి చూస్తే మాత్రం చాలాసార్లు ఆ మొక్కకు కాయే ఉండదు. లేని కాయను ఎలా మాగబెడతారు?

మామిడి, అరటి మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ రెండింటి లెక్కతోనే అనాసనూ చూస్తాం. కానీ ఈ మొక్క పెరిగే పద్ధతి వేరు, పూసే పద్ధతి వేరు, పండే పద్ధతి కూడా వేరే. అది తెలిస్తే మందు గురించి ఏ మేరకు భయపడాలో తెలుస్తుంది. పత్తి, మిర్చి వేసే మన నేలల్లో ఇది ఎందుకు కనబడదో కూడా అర్థమవుతుంది.

## చెట్టూ కాదు, తీగా కాదు

అనాస నేల మీద గుబురుగా పెరిగే మొక్క. మీటరు, మహా అయితే మీటరున్నర ఎత్తు. దూరం నుంచి చూస్తే పొలం గట్ల మీది కిత్తనారలా ఉంటుంది. పొడవాటి, మొన తేలిన ఆకులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ వస్తాయి. నడుమ పొట్టి కాండం ఉంటుంది, ఆకులు కప్పేయడంతో అది బయటికి కనబడదు. మొక్క తగినంత ముదిరాక ఆ కాండం కొస నుంచి ఒక గట్టి కాడ లేస్తుంది. దాని చివర పూగుత్తి వస్తుంది. ఆ గుత్తే పండవుతుంది. ఒక కాండానికి ఒక్కటే పండు.

వేళ్లు లోతుకు పోవు, ఎక్కువ భాగం పైన జానెడు, మూరెడు మట్టిలోనే ఉంటాయి. ఆ లోటును ఆకులు తీరుస్తాయి. గాడిలా వంగిన ఆకుల మీద పడిన వాన, మంచు జారి మొదట్లోకి చేరుతుంది. ఆకుల మొదళ్లలో నిలిచిన ఆ నీటిని మొక్క అక్కడే పీల్చుకోగలదు. ఎరువు ద్రావణాన్ని ఆకుల మీద, ఆకు మొదళ్లలో పోసే అలవాటు అందుకే వచ్చింది.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా, బ్రెజిల్–పరాగ్వే ప్రాంతం. 1493లో కొలంబస్ బృందం కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో దీన్ని చూసింది. మన దేశానికి 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చారు.

## ఒక పండు కాదు, వంద పూలు

పండు మీద కళ్లలా కనిపించే ఒక్కో గడి ఒక్కో పువ్వు. పూగుత్తిలో వందకు పైగా, ఒక్కోసారి రెండు వందల దాకా ఊదా రంగు పూలుంటాయి. అవి కింది నుంచి పైకి రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వు చిన్న కాయగా మారి, పక్క కాయలతో, నడుమ కాడతో కలిసిపోతుంది. ముక్కలు కోసేటప్పుడు తీసి పారేసే గట్టి నడిమి భాగం ఆ పూగుత్తి కాడే.

పూలు కింది నుంచి విచ్చుకున్నాయి కాబట్టి పండు కూడా కింది నుంచే పండుతుంది. అడుగు భాగం ఎక్కువ తీపిగా, కిరీటం వైపు కొంచెం పులుపుగా ఉండటానికి కారణం ఇదే. ఈసారి బండి దగ్గర చూడండి, పసుపు రంగు ఎప్పుడూ అడుగు నుంచే పైకి ఎక్కుతుంది.

మరి గింజలు ఎందుకు ఉండవు? సాగులో ఉన్న అనాస రకాలు తమ పుప్పొడితో తాము ఫలదీకరణ చెందవు. తోటంతా ఒకే రకం కావడంతో పక్క మొక్క పుప్పొడి కూడా పనికిరాదు. అయినా ఫలదీకరణతో పని లేకుండానే కాయ పెరుగుతుంది. వేరే రకం పుప్పొడి వచ్చి పడితే మాత్రం చిన్న, గట్టి గింజలు పడతాయి. అలా పుప్పొడి మోసే హమ్మింగ్‌బర్డ్ పిట్టల్ని హవాయి దీవుల్లోకి తీసుకురావడంపై నిషేధం ఉంది.

## గింజ లేకుండా తోట ఎలా వేస్తారు

నాటడానికి మూడు రకాల మొలకలు దొరుకుతాయి. కాండం నుంచి, నేల దగ్గర నుంచి వచ్చే పిలకలు మొదటివి. పండు కింద కాడకు అంటుకుని వచ్చే చిన్న మొలకలు రెండోవి, తోటల్లో వాటిని స్లిప్స్ అంటారు. మూడోది పండు నెత్తిన ఉండే ఆకుల కిరీటం.

తేడా అంతా సమయంలోనే ఉంది. బాగా పెరిగిన పిలక నాటితే 15 నుంచి 18 నెలల్లో పండు చేతికొస్తుంది. స్లిప్ ఇంకొంచెం ఆలస్యం. కిరీటం నాటితే దాదాపు రెండేళ్లు. మార్కెట్ నుంచి తెచ్చిన పండు కిరీటాన్ని మేడ మీద కుండీలో పెట్టి, ఏడాదైనా కాయలేదని పీకేసేవాళ్లు ఉంటారు. ఆ మొక్కకు ఏ రోగమూ లేదు, దానికి ఇంకా వయసు రాలేదంతే.

పండు కోశాక ఆ కాండం పని అయిపోతుంది. పక్కనున్న పిలకలు పెరిగి మళ్లీ కాస్తాయి. చెరకు కార్శి తోట, అంటే నరికిన మొదళ్ల నుంచే మళ్లీ పెంచే తోట, తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. రెండు మూడు కార్శి పంటల దాకా తీస్తారు, పండు సైజు మాత్రం ఏటికేడు తగ్గుతుంది.

## రాత్రి గాలి పీల్చే మొక్క

వరి, పత్తి, మక్క పగటిపూట ఆకుల్లోని సన్నటి రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. రంధ్రం తెరిచినప్పుడల్లా లోపలి తేమ ఎండకు ఆవిరైపోతుంది. అనాస పగలు ఆ రంధ్రాలను దాదాపు మూసేస్తుంది. చల్లబడిన రాత్రి తెరిచి, తీసుకున్న వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకుల్లో దాస్తుంది. తెల్లారాక, రంధ్రాలు మూసుకుని, ఆ ఆమ్లం నుంచి వాయువును మళ్లీ విడదీసి ఎండ సాయంతో చక్కెర తయారు చేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున దీని ఆకు రసం బాగా పుల్లగా ఉంటుంది, సాయంత్రానికి ఆ పులుపు తగ్గిపోతుంది. బ్రహ్మజెముడు, నాగజెముడు కూడా ఇలా బతికేవే.

దీనివల్ల నీళ్లు చాలా ఆదా అవుతాయి. "నీళ్లు తక్కువైనా బతుకుతుంది కాబట్టి మన ఎండలకు సరిగ్గా సరిపోతుంది" అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. అందులో సగమే నిజం. ఈ పద్ధతి సరిగ్గా నడవాలంటే రాత్రి చల్లగా ఉండాలి. పగలు 30 డిగ్రీలు, రాత్రి 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే మొక్కకు హాయి. మే నెలలో వరంగల్‌లో రాత్రి కూడా సెగ తగ్గదు. రామగుండం సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటి రాత్రుల్లో మొక్క చావదు, కానీ ఎదుగుదల మందగిస్తుంది.

## ఆ వీడియోలో పోసే మందు ఏమిటి

అనాస తనంతట తాను పూయాలంటే రెండు జరగాలి. మొక్కకు తగినన్ని ఆకులు రావాలి, పగళ్లు కురచై రాత్రులు చల్లబడాలి. చలికాలంలో ఆ సంకేతం అందుతుంది. అప్పుడు మొక్క కొసలో ఇథిలిన్ అనే వాయువు పుడుతుంది. ఆకులు వేస్తూ పోయే కొస ఆ వాయువు వల్ల పూగుత్తిగా మారుతుంది.

చిక్కేమిటంటే అన్ని మొక్కలూ ఒకేసారి సిద్ధంగా ఉండవు. ఒకే రోజు నాటిన తోటలో కొన్ని ముందు పూస్తాయి, కొన్ని నెలల తర్వాత, కొన్ని ఆ ఏడాది అసలే పూయవు. ప్రతి వారం తోటంతా తిరిగి నాలుగు పండ్లు కోసి లారీ ఎక్కించడం కుదిరే పని కాదు.

దీనికి దారి అనుకోకుండా దొరికింది. అట్లాంటిక్ సముద్రంలోని అజోర్స్ దీవుల్లో 19వ శతాబ్దంలో గాజు ఇళ్లు కట్టి అనాస పెంచేవారు. ఆ ఇళ్లలో పొగ పెడితే మొక్కలన్నీ ఒకేసారి పూతకు వస్తున్నాయని గమనించారు. పొగలో ఉన్న ఇథిలినే దానికి కారణమని తర్వాత తేలింది. అక్కడ ఇప్పటికీ పొగ పెడతారు.

ఇప్పుడు మన దేశంలో రైతులు ఎక్కువగా వాడేది ఇథెఫాన్. నీళ్లలో కలిపి మొక్క సుడిలో, అంటే ఆకుల నడిమి గుంతలో పోస్తే అది లోపలికి వెళ్లి విడిపోయి ఇథిలిన్‌ను వదులుతుంది. కొందరు కాల్షియం కార్బైడ్ కూడా వాడతారు. తడి తగలగానే దాని నుంచి వచ్చే ఎసిటిలిన్ వాయువు ఇథిలిన్ లాగే పని చేస్తుంది. వీడియోలో కనబడే పని ఇదే. అది మాగబెట్టడం కాదు, పూయించడం. అప్పటికి పండు పుట్టనే లేదు, చేతికి రావడానికి ఇంకా ఐదారు నెలలు ఉంది.

మోతాదు ఎంతో లెక్క వేసి చూద్దాం. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు ప్రకారం లీటరు నీటికి 25 మిల్లీగ్రాముల ఇథెఫాన్, దాంతో పాటు 2 శాతం యూరియా, 0.04 శాతం కాల్షియం కార్బనేట్. ఒక్కో మొక్కకు 50 మిల్లీలీటర్లు. అంటే లీటరులో ఇరవయ్యో వంతు, అందులో ఉండే ఇథెఫాన్ 1.25 మిల్లీగ్రాములు. ఎకరంలో 18,000 మొక్కలుంటే మొత్తం కలిపి 22.5 గ్రాములు, కలపడానికి 900 లీటర్ల నీళ్లు.

## భయపడాల్సింది ఎక్కడ

రైతులు చెప్పేది సబబే. ఈ ద్రావణం పోయకపోతే పూత ఏకంగా రాదు, ఏడాది పొడవునా మార్కెట్‌కు పండు అందదు. పోసిన మందు నెలల ముందే విడిపోతుంది.

కొనేవాళ్ల అనుమానానికీ కారణం ఉంది. ఇథెఫాన్‌ను రెండో పనికి కూడా వాడొచ్చు. కోతకు కొద్ది రోజుల ముందు కాయ మీద కొడితే తొక్క పసుపు రంగులోకి తిరుగుతుంది. మోతాదు మించినా, కొట్టిన వెంటనే కోసినా అవశేషాల ప్రశ్న నిజంగానే వస్తుంది. బండి దగ్గర నిలబడిన మనిషికి అది తెలుసుకునే తోవ లేదు. కార్బైడ్ విషయం ఇంకా గట్టిది. మార్కెట్లో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటి మలినాలు ఉండే ప్రమాదం ఉంది. దాంతో మాగబెట్టిన పండ్ల అమ్మకాన్ని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. మాగబెట్టే గదుల్లో ఇథిలిన్ వాయువును మాత్రం 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దాకా అనుమతిస్తారు.

నా ఉద్దేశంలో ఈ రెండు పనులనూ ఒకే గాటన కట్టడం వల్లే అసలు ప్రశ్న తప్పిపోతోంది. పూయించడానికి పోసిన చుక్క గురించి వీడియోలు తిప్పుతున్నాం. కోతకు ముందు రంగు కోసం ఏం కొట్టారు, ఎన్ని రోజుల ముందు కొట్టారు అని మాత్రం ఎవరూ అడగడం లేదు.

## కోశాక తీపి పెరగదు

మామిడి పచ్చిగా కోసినా గడ్డిలో పెడితే తియ్యబడుతుంది. కాయలో పిండి పదార్థం నిల్వ ఉంటుంది, అదే చక్కెరగా మారుతుంది. అరటి కూడా అంతే. అనాసలో ఆ నిల్వ ఉండదు. దాని చక్కెర అంతా ఆకుల్లో తయారై కాడ గుండా పండులోకి రావాలి. కాడ తెగిన రోజే ఆ రాకడ ఆగిపోతుంది. తర్వాత తొక్క రంగు మారుతుంది, మెత్తబడుతుంది, వాసన కొంత పెరుగుతుంది. తీపి మాత్రం కోసిన రోజు ఎంతో అంతే. కాబట్టి ఇథిలిన్ గదిలో పెట్టినా, ఇంకేదైనా చల్లినా పుల్లటి అనాస తియ్యటి అనాస కాదు.

మన దగ్గర ఒకే ధరకు కొన్న రెండు పండ్లలో ఒకటి తేనెలా, ఒకటి పుల్లగా ఎందుకుంటుందో ఇక్కడ తెలుస్తుంది. దేశంలో పేరున్న అనాస ప్రాంతాల్లో కేరళ ఎర్నాకుళం జిల్లా వాళకుళం ఒకటి, అక్కడి పండుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడి నుంచి వరంగల్ వెయ్యి కిలోమీటర్లకు పైనే. పూర్తిగా పండాక కోస్తే దారిలోనే చెడిపోతుంది. అందుకని దూరపు మార్కెట్లకు అడుగున రంగు తిరిగీ తిరగక ముందే కోస్తారు. ఆ నాలుగైదు రోజుల తీపి తోటలోనే ఉండిపోతుంది.

రంగు ఒక్కటే నమ్మకూడదు. అడుగున మంచి వాసన రావాలి, కళ్లు ఉబ్బుగా కాకుండా చదునుగా పరుచుకుని ఉండాలి, సైజుకు తగ్గ బరువుండాలి. కిరీటంలోంచి ఆకు లాగితే ఊడి వస్తే పండినట్టే అంటారు గానీ దాన్ని అంతగా నమ్మలేం.

## నాలుక మంట మందు వల్ల కాదు

ఎక్కువ తింటే నాలుక చురుక్కుమంటుంది, కొందరికి పెదవుల చివర్లు పగులుతాయి. దీన్నీ మందు ఖాతాలో వేస్తారు. అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రొటీన్లను విడగొడుతుంది. సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కూడా ఉంటాయి. పచ్చి అనాస పెరుగులో కలిపి ఉంచితే చేదెక్కడానికీ బ్రొమెలైనే కారణం. ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. పైనాపిల్ కేసరి తింటే నాలుక మండదు కదా.

## మరి వరంగల్ నేలలో పండుతుందా

మొక్క బతుకుతుంది. ఇళ్ల పెరట్లో, కుండీల్లో కాసేవి ఉన్నాయి. తోటగా నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

అనుకూలంగా మాట్లాడేవాళ్ల మాట ఇది. ఎర్ర చల్క నేలల్లో నీరు నిలవదు, అనాసకు కావాల్సింది అదే. ఏడాదికి 1000 నుంచి 1500 మిల్లీమీటర్ల వాన దీనికి సరిపోతుంది. వరంగల్ వాన వెయ్యికి అటూ ఇటూ, ములుగు వైపు ఇంకొంచెం ఎక్కువ. వేసవిలో డ్రిప్ ఉంటే చాలు. ఆంధ్రలో సీతంపేట, చింతపల్లి ఏజెన్సీల్లో గిరిజన రైతులు పండిస్తున్నప్పుడు మనకేం తక్కువ?

వద్దనేవాళ్లు చెప్పేదీ వినాలి. ఆ ఏజెన్సీలు కొండ ప్రాంతాలు, అక్కడ రాత్రులు చల్లన, చెట్ల నీడ ఉంటుంది. కేరళలో లేత రబ్బరు తోటల నడుమ వేస్తారు, వాన కూడా మనకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. మన వానంతా జూన్ నుంచి సెప్టెంబర్ దాకానే. నేల సంగతీ ఉంది. అనాసకు పులుపు నేల కావాలి, ఉదజని సూచిక (పీహెచ్) 4.5 నుంచి 6 లోపు. చల్క నేలలు చాలాచోట్ల అంతకన్నా ఎక్కువ చూపిస్తాయి, నల్లరేగడి సంగతి అసలే వద్దు. క్షార గుణం ఉన్న నేల, ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు కలిస్తే ఇనుము అందక ఆకులు పాలిపోతాయి. రేగడిలో నీరు నిలిస్తే సుడి కుళ్లు వస్తుంది.

నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనబడేది మే నెల ఎండ. పండు నిటారుగా నెత్తిన ఉంటుంది, ఆకుల నీడ దానికి అందదు. 44 డిగ్రీల ఎండలో ఒక పక్క ఉడికినట్టయి పాడైపోతుంది. గడ్డితోనో ఎండుటాకులతోనో కప్పొచ్చు గానీ, ఎన్ని పండ్లు కప్పాలో చూడండి. జంట వరుసల మధ్య 90 సెంటీమీటర్లు, జంటలో వరుసకు వరుసకు 60, మొక్కకు మొక్కకు 30 చొప్పున నాటితే ఒక్కో మొక్కకు 0.225 చదరపు మీటర్లు వస్తుంది. గుంటకు దాదాపు 450 మొక్కలు. ఎకరానికి దాదాపు 18,000.

ఇక్కడే పూయించే మందు మళ్లీ వస్తుంది. జూన్ నడుమ పిలక నాటామనుకుందాం. వదిలేస్తే మొదటి చలికాలం నాటికి ముదిరినవి కొన్ని పూస్తాయి, వాటి కాయ సరిగ్గా ఏప్రిల్, మే ఎండలో పెరుగుతుంది. మిగతావి ఇంకో ఏడాది ఆగుతాయి. ఏడాది తిరిగి 35–40 ఆకులు వచ్చాక, రెండో జూన్‌లో ఇథెఫాన్ పోస్తే నలభై, నలభై ఐదు రోజుల్లో పూగుత్తి కనబడుతుంది. అక్కడి నుంచి నాలుగున్నర, ఐదు నెలలు. అంటే కోత డిసెంబర్‌లో. ఎండ తప్పింది, కానీ చలికి పండిన అనాస పుల్లగా ఉంటుంది. అదే ఆగస్టు నడుమ పోస్తే సెప్టెంబర్ ఆఖరుకు పూత, చలికి కొంత నెమ్మదించినా ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో కోత. వడగాడ్పులు మొదలయ్యేలోపు పండు బయటపడుతుంది, తోపుడు బండ్లకు గిరాకీ వచ్చే సమయమూ అదే. ఈ లెక్క కాగితం మీద బాగుంది. నేల పులుపు, బోరు నీరు సరిపడిన చోట, లేత మామిడి తోటల నడుమ ఉండే పలుచని నీడలో కొన్ని గుంటలతో చూడటానికి తగినది. ఎకరాలకు ఎకరాలు ఒక్కసారే వేయడానికి కాదు.

డబ్బు తిరిగొచ్చే కాలం కూడా చూసుకోవాలి. వరి నాలుగు నెలల్లో, పత్తి ఆరేడు నెలల్లో చేతికొస్తాయి. ఇది పై లెక్కలో ఇరవై నెలలు పైనే. మొదటిసారి 18,000 పిలకలు బయటి నుంచి తెచ్చుకోవాలి, ఆ తర్వాతే తోటలో సొంతంగా దొరుకుతాయి. కోత దగ్గరపడే వేళకు కోతులు, అడవి పందులు కాచుకుని ఉంటాయి. మక్క చేను కాపలా కాసిన రైతుకు ఆ ఖర్చు ఎంతో విడిగా చెప్పక్కర్లేదు.